మెడికల్ కాలేజీలో చేరిన బిడ్డ మాటలు తగ్గించింది, ఏం చెయ్యాలి?

దేవరకొండ దగ్గరి ఒక పల్లె నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేసి, సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె అంగన్‌వాడీ టీచర్. భర్తది వ్యవసాయం, పత్తితో పాటు కొంచెం బత్తాయి తోట ఉంది. కొడుకు తొమ్మిదో తరగతి. బిడ్డ టెన్త్ దాకా ఊళ్ళోని జడ్పీ స్కూల్లో తెలుగు మీడియంలో చదివింది. హైదరాబాద్‌లో ఇంటర్ చేసి, లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని, కన్వీనర్ కోటాలో పాలమూరు వైపు ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో సీటు తెచ్చుకుంది. ఆ ఊరి నుంచి ఎంబీబీఎస్‌కు వెళ్ళిన మొదటి పిల్ల. ఫ్లెక్సీ కట్టారు, సన్మానం చేశారు.

ఇప్పుడు నాలుగైదు నెలలైంది. శరీర నిర్మాణం నేర్పే అనాటమీలో మొదటి ఇంటర్నల్, అంటే కాలేజీవాళ్ళే పెట్టే పరీక్ష, ఫెయిలైంది. వైవాలో, అంటే నోటితో జవాబు చెప్పే పరీక్షలో, మేడమ్ ఒక ఎముక చేతిలో పెట్టి, కుడిదా ఎడమదా చెప్పమని అడిగితే నోరు పెగల్లేదట. "తెలుసమ్మా, ఇంగ్లీష్‌ల చెప్పబోయేసరికి మాట రాలే, అందరు నా దిక్కే చూస్తున్నరు" అని ఏడ్చింది. సంక్రాంతికి వచ్చినప్పుడు మటన్ ముట్టలేదు, చేతులు వాసనొస్తున్నాయని రోజుకు రెండుసార్లు స్నానం చేసింది. మొదట్లో రోజూ గంటసేపు ఫోన్‌లో ఏడ్చేది. ఇప్పుడు ఒక్క నిమిషంలో "బాగున్న, తిన్న" అని పెట్టేస్తోంది.

భర్త "ఇంత అప్పు చేసి చదివిచ్చినంక ఎనక్కి చూసుడేంది, ఓర్చుకోవాలె" అంటున్నాడు. మేనమామ ఏదో యాప్ కొనమంటున్నాడు. ఈమెకేమో ఉద్యోగం మానేసి కాలేజీ దగ్గర రూమ్ తీసుకుని బిడ్డతో ఉండాలని ఉంది. లేదా ఒక నెల ఇంటికి తెచ్చుకోవాలా, అసలు ఈ చదువు బిడ్డకు పడదా, ర్యాగింగ్ ఏమైనా జరుగుతోందా అని మనసులో వంద అనుమానాలు. ఉత్తరం చివర, సంతకానికి పైన ఒక వాక్యం రాశారు: "పోయిన వారం, నేను లేకున్నా మీకు తమ్ముడున్నడు కదా అన్నది. ఊరికే అన్నదో ఏమో, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు."

అమ్మా, మీరు చివర రాసిన మాట నుంచే మొదలుపెడతాను. మార్కులు, రూమ్, యాప్ అన్నీ దాని తర్వాతే.

ఆ మాట ఊరికే అని ఉండొచ్చు. అలసిపోయిన పిల్లలు అలా అంటారు. కానీ ఊరికే అన్నదో కాదో ఫోన్‌లో తేలదు. రోజూ గంటసేపు ఏడ్చే పిల్ల ఒక్కసారిగా "బాగున్న, తిన్న" అని పెట్టేయడం కుదుటపడ్డందుకూ కావచ్చు, చెప్పుకోవడం మానేసినందుకూ కావచ్చు. అందుకే ఇది చదివిన వెంటనే బయలుదేరండి. ఆదివారం దాకా ఆగొద్దు. కొండమల్లేపల్లిలో బస్సెక్కితే కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పూట ప్రయాణం. సెంటర్‌కు సెలవు పెట్టండి. మీరు చేరేలోగా ఆమె రూమ్మేట్‌కో, హాస్టల్ వార్డెన్‌కో ఫోన్ చేసి, ఒంటరిగా వదలొద్దని చెప్పండి.

వెళ్ళాక ఏం మాట్లాడాలన్నది మీ భయమై ఉంటుంది. రూమ్‌లో అందరి ముందూ కాదు, బయటికి తీసుకెళ్ళి, ఏదన్నా తినిపించి, మెల్లగా అడగండి. "బిడ్డా, ఆ రోజు నేను లేకున్నా అన్నవు. సచ్చిపోవాలని ఏమన్నా అనిపిస్తున్నదా?" అని సూటిగానే అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది తల్లులు నోరు నొక్కుకుంటారు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. లోపల ఉన్నది బయటపెట్టుకునే దారి దొరుకుతుంది. ఆమె చెబుతున్నప్పుడు మీరు ఏడవండి, ఫరవాలేదు. కానీ "మా కోసమన్నా", "బాపు చేసిన అప్పు చూడు", "ఊళ్ళో పరువు" అనే మాటలు మాత్రం ఆ పూట నోట రానివ్వొద్దు.

ఉందని చెబితే, లేదా నిద్ర, తిండి, స్నానం పూర్తిగా తప్పిపోయి, క్లాసులకే వెళ్ళడం మానేసిందని తెలిస్తే, అదే రోజు సైకియాట్రీ డాక్టర్‌కు చూపించండి. కాలేజీ ఆసుపత్రిలోనే ఆ విభాగం ఉంటుంది. అక్కడ చూపిస్తే మాస్టార్లకు తెలుస్తుందని బిడ్డ జంకితే నల్గొండలోనో హైదరాబాద్‌లోనో చూపించండి. ఎక్కడ చూపించినా మంచిదే, ఆలస్యం మాత్రం వద్దు. డాక్టర్ చూసేదాకా మీరే పక్కన ఉండండి. అర్ధరాత్రి భయమేస్తే 14416 టెలీ మానస్ నంబర్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది, 24 గంటలూ పలుకుతుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. బిడ్డే కాదు, మీరూ చేసుకోవచ్చు.

మా పిల్ల ఒక్కతే ఇలా అయిందని అనుకోకండి. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ చేసిన సర్వేలో ఎంబీబీఎస్ చదివేవాళ్ళలో 27.8 శాతం మంది తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉందని స్వయంగా చెప్పారు. నలుగురిలో ఒకరి కంటే ఎక్కువ. ఆమె హాస్టల్‌లో పక్క రూముల్లోనూ ఇలా ఏడ్చే పిల్లలు ఉంటారు. ఎవరికి వాళ్ళు తలుపేసుకుని ఏడుస్తారు కాబట్టి ఒకరికొకరు తెలియదు.

అలాంటి ఆలోచనలేవీ లేవని, కేవలం విసుగుతో అన్నానని చెబితే నమ్మండి, కానీ తర్వాతి వారం మళ్ళీ అడగండి.

ఇప్పుడు చదువు సంగతి. నేను మెడికల్ కాలేజీలో ఫస్టియర్ పిల్లలకు చాలా ఏళ్ళు ఫిజియాలజీ, అంటే శరీరం ఎలా పనిచేస్తుందో చెప్పే పాఠం, చెప్పాను. మీ ఉత్తరంలో మీ బిడ్డ చదువు గురించి నాకు అన్నిటికంటే ధైర్యమిచ్చిన మాట "తెలుసమ్మా, మాట రాలే" అన్నదే. ఆ వైవా ఎలా ఉంటుందో మీకు చెబుతాను. టేబుల్‌కు అటువైపు మేడమ్, ఇటువైపు నలుగురైదుగురు పిల్లలు నిలబడి ఉంటారు. భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముక, హ్యూమరస్, చేతిలో పెడతారు. గుండ్రటి తల పైకి, ఒంటి వైపుకు తిరిగి ఉండాలి. మోచేతి దగ్గరి లోతైన గుంట వెనక్కి ఉండాలి. అలా తన ఒంటికి ఆనించి పట్టుకుని, కుడిదో ఎడమదో చెప్పి, ఎందుకో ఇంగ్లీష్‌లో నాలుగు ముక్కల్లో వివరించాలి. తర్వాత వేలుపెట్టి చూపిస్తూ, ఇక్కడ ఏ కండరం అతుకుతుంది, ఈ గాడి వెంట ఏ నరం పోతుంది అని వరసగా అడుగుతారు. ఇదంతా రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది.

మీ బిడ్డ ఇంటర్‌లో, కోచింగ్‌లో ఏం చేసింది? నాలుగు జవాబుల్లోంచి ఒకటి ఏరుకుని గడి నింపింది. నీట్‌లో 180 ప్రశ్నలకూ అదే పని. ఆ ఏళ్ళన్నిటిలో ఆమెతో జవాబును నోటితో చెప్పించినవాళ్ళు లేరు, పేజీల కొద్దీ రాయించినవాళ్ళూ తక్కువే. ఇక్కడికి రాగానే నోటితో చెప్పాలి, బొమ్మలేసి వ్యాసాలు రాయాలి, అదీ టెన్త్ దాకా పాఠాలు చదవని భాషలో. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ మూడూ ఒకేసారి మీద పడతాయి. మీ సెంటర్‌కు కొత్తగా వచ్చిన పిల్ల ఇంట్లో గలగల మాట్లాడుతూ, మీరు పేరడిగితే మాత్రం తల దించుకుంటుంది. ఆ పిల్లకు తెలివి లేదని మీరెప్పుడైనా అనుకున్నారా? మీ బిడ్డ విషయంలోనూ అంతే అనుకోండి. చదువు పడకపోవడం వేరు, తెలిసింది బయటికి చెప్పే అలవాటు లేకపోవడం వేరు. రెండోదానికి మందు ఉంది. రోజూ పైకి చెప్పడమే.

ఎవరికి చెప్పాలి? డిసెక్షన్ టేబుల్ దగ్గర, అంటే శవాన్ని కోసి చూసి నేర్చుకునే చోట, తనతో పాటు నిలబడే పిల్లల్లో ఒకరిద్దరిని జత చేసుకోవాలి. సాయంత్రం అరగంట ఒకరు ఎముక పట్టుకుని అడగాలి, ఒకరు చెప్పాలి. మొదట తెలుగులో, తర్వాత ఇంగ్లీష్‌లో, తప్పుల తడకగానైనా. ఇంకొకటి, ఆమెకు ఇష్టమైతేనే: వారానికి ఒకసారి ఫోన్‌లో మీకు పాఠం చెప్పమనండి, మన తెలుగులోనే. మోచేతికి దెబ్బ తగిలితే చిటికెన వేలు దాకా ఎందుకు జివ్వుమంటుందో అడగండి. అది ఆమె చదువుతున్న నరాల పాఠమే. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగిందంటే ఆమెకు పూర్తిగా వచ్చినట్టే. కానీ దీన్ని పరీక్షలా మార్చొద్దు. ఒక రోజు వద్దంటే వద్దు.

కాలేజీలో ప్రతి విద్యార్థికీ ఒక మెంటర్, అంటే మంచీచెడూ చూసే మాస్టారు, ఉంటారు. చాలామంది పిల్లలు భయంతో ఆ మనిషి గడప తొక్కరు. ఆమెను వెళ్ళి, "ఎముకలు మళ్ళీ ఒకసారి మీకు ఒప్పజెబుతాను" అని అడగమనండి. అలా అడిగిన పిల్లను వెళ్ళగొట్టిన మాస్టారిని నేను చూడలేదు. మీరే నేరుగా మేడమ్ దగ్గరికి వెళ్ళి మాట్లాడతానంటే ఆపను, కానీ బిడ్డను అడిగి వెళ్ళండి. చెప్పకుండా వెళ్తే, ఫెయిలైన బాధకు తోడు అమ్మను తీసుకొచ్చిందన్న సిగ్గు కూడా తోడవుతుంది.

మీ బిడ్డ లాంటి పిల్లలు తొందర్లోనే రాణించే చోటు ఒకటి ఉంది. ఫస్టియర్ నుంచే పిల్లల్ని ఊళ్ళకు తీసుకెళ్ళి, ఒక్కొక్కరికి కొన్ని కుటుంబాలను అప్పగించి, వాళ్ళ ఆరోగ్యం కనిపెట్టుకుని ఉండమంటారు. ఫ్యామిలీ అడాప్షన్ అంటారు దాన్ని. నగరం పిల్లలు అక్కడ "బీపీ ఉందా ఆంటీ" అని అడిగి ఆగిపోతారు. మీ బిడ్డ అరుగు మీద కూర్చుని "పెద్దమ్మా, గోలి రోజూ ఏసుకుంటున్నవా, అయిపోయిందని ఊకున్నవా" అని అడగగలదు. ఆ పని గురించి అడగండి ఫోన్‌లో. తన భాష తనకు బరువు కాదని ఆమెకు అక్కడ అర్థమవుతుంది.

మటన్ విషయం. డిసెక్షన్ హాల్లో శవాలు చెడిపోకుండా ఫార్మలిన్ వాడతారు. కళ్ళు మండుతాయి, ముక్కు మండుతుంది, గ్లవ్స్ వేసుకున్నా వాసన చేతుల్నీ బట్టల్నీ పట్టుకుంటుంది. పొద్దున కండరాలు విడదీసి చూసిన పిల్లకు సాయంత్రం కూరలో ముక్క చూస్తే వికారంగా ఉండటం వింతేమీ కాదు. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది, కొందరు మాంసం మానేస్తారు, రెండూ మామూలే. బలవంతంగా పెట్టొద్దు. పప్పు, గుడ్డు, పెరుగు, పల్లీలు తింటే చాలు. ఆ వాసన గురించి చెప్పినప్పుడు ముఖం చిట్లించకుండా వినండి, అది చాలా పెద్ద సాయం. చేతులు కడగడం రోజురోజుకూ ఎక్కువై, గంటల తరబడి అయితే మాత్రం డాక్టర్‌కు ఆ సంగతి కూడా చెప్పాలి.

ఇక మీరు అడిగిన దారులు. రూమ్ తీసుకుని ఉంటే వేడి అన్నం దొరుకుతుంది, రాత్రి మీ పక్కన పడుకుంటుంది, మీ గుండె నిమ్మళంగా ఉంటుంది. డాక్టర్ ఆమెను ఒంటరిగా ఉంచొద్దంటే ఇంకేమీ ఆలోచించకుండా అదే చెయ్యండి. అలా అనకపోతే మాత్రం ఆగి ఆలోచించండి. హాస్టల్ వదిలితే సాయంత్రం ఎముకలు పట్టుకుని కూర్చునే స్నేహితులు దూరమవుతారు. ఈ చదువులో సగం వాళ్ళ మధ్యే వస్తుంది. ఇక్కడ కొడుకు తొమ్మిదో తరగతి, ఇల్లు, మీ జీతం ఉన్నాయి. ఉద్యోగం వదులుకుంటే, "అమ్మ నా కోసం నౌకరి మానేసింది" అన్న బరువు కూడా ఆమె మీదే పడుతుంది. అప్పుకు తోడు ఇదొకటి. నా మనసుకైతే మధ్యదారి నచ్చుతుంది. రాజీనామా కాకుండా సెలవు పెట్టి కొన్ని రోజులు అక్కడే ఉండండి. తర్వాత కొన్నాళ్ళు పదిహేను రోజులకోసారి వెళ్ళి రండి, పొడులు, సకినాలు పట్టుకుని.

నెల రోజులు ఇంటికి తేవడం ఎలా ఉంటుందంటే: పరీక్షకు కూర్చోవాలంటే థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్‌లో 80 శాతం హాజరు ఉండాలి. నెల పోతే దాన్ని పూడ్చుకోవడం కష్టం, డిసెక్షన్ ముందుకు వెళ్ళిపోతుంది. ఆరోగ్యం కోసం డాక్టర్ విశ్రాంతి చెప్తే ఆ లెక్కలన్నీ పక్కన పెట్టి తెచ్చేయండి, ఒక ఏడాది పోయినా పోనీ. సెలవు మెంటర్ ద్వారా కాగితం మీద పెట్టించండి. దిగులుకైతే నాలుగు రోజులు చాలు.

చదువు మానేయడం కూడా ఒక దారే, దాన్ని లేదని అబద్ధం చెప్పను. కానీ ఆ నిర్ణయం ఇప్పుడు, ఒక ఫెయిల్ తర్వాత, నిద్ర లేని మనసుతో తీసుకునేది కాదు. చేరేటప్పుడు మీరు సంతకం పెట్టిన బాండు తీసి చదవండి, మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలో అందులో ఉంటుంది. ఆరోగ్యం కుదుటపడి, ఫస్టియర్ పరీక్షలు రాశాక కూడా ఆమె ఇదే మాట అంటే అప్పుడు కూర్చుని వినండి. "నీకు ఇష్టం లేకుంటే మేమున్నాం" అన్న మాట మాత్రం ఇప్పుడే చెప్పేయండి. తలుపు తెరిచే ఉందని తెలిసిన పిల్లలు చాలామంది లోపలే ధైర్యంగా నిలబడతారు.

మీ ఆయనకు ఈ లెక్క చెప్పండి. ఇంటర్నల్ ఒకటి పోతే ఏడాది పోదు, ఆ మార్కులు ఏడాది పొడవునా జరిగే పరీక్షలన్నీ కలిపి చూస్తారు. యూనివర్సిటీ పరీక్షలో ఫెయిలైనా వెంటనే సప్లిమెంటరీ ఉంటుంది. అందులో పాసైతే తన బ్యాచ్‌తోనే సెకండియర్‌కు వెళ్తుంది. అదీ పోతే జూనియర్లతో కలవాలి. ఫస్టియర్ పాసవడానికి మొత్తం నాలుగు అవకాశాలు ఇస్తారు. ఇవన్నీ తెలిస్తే ఆయన గొంతులో గట్టితనం కొంచెం తగ్గుతుందని నా నమ్మకం. ఆయనది కోపం కాదమ్మా, భయం. పత్తి రేటు, అప్పు, వడ్డీ అన్నీ ఆ పిల్ల మార్కుల మీద పెట్టుకున్నాడు. నల్గొండలో, పాలమూరులో 2016కు ముందు ప్రభుత్వ మెడికల్ కాలేజీయే లేదు. మన పల్లెల్లో ఈ చదువు మొదటి ఏడాది ఎలా ఉంటుందో చెప్పే పెద్దవాళ్ళు లేకుండా పోయారు, ఆయన ఎవరిని అడిగి తెలుసుకుంటాడు? అప్పు సంగతి బిడ్డ ఎదుట మాట్లాడొద్దని మాత్రం మాట తీసుకోండి. ఆ లెక్క ఆమెకు మీకంటే బాగా గుర్తుంటుంది.

ఫోన్‌లో మొదటి ప్రశ్న మార్కులు కాకుండా చూసుకోండి. "చదివినవా?" అనే మాట ఆమె రోజంతా కాలేజీలో వింటూనే ఉంటుంది. మీరు ఇంటి సంగతులు చెప్పండి, తమ్ముడు చేసిన కోతి పనులు, తోటలో బత్తాయి పూత. గంట అక్కర్లేదు, పది నిమిషాలు చాలు, కానీ రోజూ ఒకే వేళకు.

ర్యాగింగ్ గురించి వెళ్ళినప్పుడు పేరు పెట్టి అడగండి: సీనియర్లు రాత్రిళ్ళు పిలుస్తున్నారా, రికార్డులు రాయిస్తున్నారా, డబ్బులడుగుతున్నారా. ఉందంటే 1800-180-5522కు ఫోన్ చెయ్యొచ్చు, కాలేజీలో కమిటీ ఉంటుంది. బిడ్డకు చెప్పి, ఆమె భద్రత చూసుకుని ముందుకెళ్ళండి.

యాప్ ఇప్పుడు కొనకండి. ఆమెకు కావలసింది వినడం కాదు, చెప్పడం. వీడియో ముందు ఆమె ఇంకా మౌనంగా కూర్చుంటుంది. తనే అడిగితే, స్నేహితులు వాడుతున్నది చూసి అప్పుడు ఆలోచించండి.

చివరిగా, ఆమె ఇంటికి వచ్చినప్పుడు చుట్టుపక్కలవాళ్ళు "డాక్టరమ్మా" అంటూ రిపోర్టులు, గోలీలు పట్టుకొస్తారు, ఇది మన ఊళ్ళలో జరిగేదే. మందుల పాఠం సెకండియర్‌లో గానీ మొదలవదు. తెలియదంటే పరువు పోతుందని, చెబితే తప్పవుతుందని ఆ పిల్ల నలిగిపోతుంది. గడప దగ్గరే మీరు అడ్డుకోండి: "ఇంక నాలుగేండ్లు ఆగుండ్రి, ఇప్పుడైతే దేవరకొండ దవాఖానకు పోండ్రి" అని మీరే చెప్పి పంపండి.